మీరు చూసే వార్త వెనక యజమాని ఎవరో మీరే తవ్వి తీయడం ఎలా

పొద్దున పేపర్లో ఒక వార్త చదువుతాం. సాయంత్రం టీవీలో అదే మాట వింటాం. రాత్రి ఫోన్లో ఇంకేదో సైట్లో మళ్లీ అదే కనిపిస్తుంది. ముగ్గురూ ఒకటే అంటున్నారంటే నిజమే అయ్యుంటుంది అనుకోవడం సహజం. కానీ ఆ ముగ్గురికీ జీతాలిచ్చేది ఒకే కంపెనీ అయితే? అప్పుడు మనం విన్నది ఒక్కరి మాటే, మూడుసార్లు. ఈ సంగతి తేల్చుకోవడానికి జర్నలిస్టు అయ్యుండక్కర్లేదు, లోపలి మనుషులు తెలిసుండక్కర్లేదు. కావలసిన కాగితాలు చాలావరకు ఉచితంగా బయటే ఉన్నాయి, ఎక్కడ వెతకాలో, దొరికాక ఏ పేజీ మీద వేలు పెట్టాలో తెలిస్తే చాలు.

ఇక్కడ ఉదాహరణగా మీడియా యజమాని రూపర్ట్ మర్డాక్ కుటుంబం కంపెనీలను తీసుకుంటున్నాను. వాళ్లొక్కరే ఇలా ఉన్నారని కాదు. ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా, ఆసియా అన్నిచోట్లా అడుగుపెట్టిన కుటుంబం అది, పైగా కోర్టుల్లోనూ పార్లమెంటు కమిటీల ముందూ ఆ వ్యవహారాలు చాలాసార్లు నడిచాయి, కాబట్టి చదవడానికి కాగితాలు దండిగా ఉన్నాయి. పద్ధతి ఒకసారి పట్టుబడితే ఏ గ్రూపు మీదైనా వాడుకోవచ్చు.

అడుగున ఉండే చిన్న అక్షరాలతో మొదలుపెట్టండి

వెబ్‌సైట్ అయితే పేజీ చివరిదాకా కిందికి వెళ్లండి. కాపీరైట్ లైన్లో పత్రిక పేరు కాకుండా ఒక కంపెనీ పేరు ఉంటుంది. లండన్ నుంచి వచ్చే 'ది సన్' సైట్లో న్యూస్ గ్రూప్ న్యూస్‌పేపర్స్ లిమిటెడ్ అన్న పేరు కనిపిస్తుంది. 'ది టైమ్స్' సైట్‌కి వెళ్తే అక్కడ ఇంకో కంపెనీ పేరు. ఒకటి గోల చేసే టాబ్లాయిడ్, ఇంకోటి 18వ శతాబ్దం నుంచి వస్తున్న పెద్దమనిషి తరహా పత్రిక, రెండింటికీ పొంతనే లేదనిపిస్తుంది. రెండు పేర్లనూ పట్టుకుని ఒక మెట్టు పైకి ఎక్కితే న్యూస్ యూకే, ఇంకొంచెం పైకెళ్తే న్యూయార్క్‌లో ఉన్న న్యూస్ కార్ప్.

కాపీరైట్ లైన్లో ఏమీ దొరక్కపోతే ప్రైవసీ పాలసీ తెరవండి. ఎవరూ చదవని పేజీ అది, కానీ మన పనికి బంగారం. మన సమాచారం ఎవరు సేకరిస్తున్నారో, గ్రూపులో ఇంకే కంపెనీలతో పంచుకుంటున్నారో చాలా దేశాల్లో చట్టప్రకారం చెప్పి తీరాలి, కాబట్టి బ్రాండు పేరు వెనక దాక్కునే వీలు అక్కడ తక్కువ.

పుస్తకం అయితే టైటిల్ పేజీ వెనకున్న పేజీ చూడండి. అట్ట మీద అవాన్ అనో, విలియమ్ మారో అనో, హార్లెక్విన్ అనో ఉంటుంది. ఇవన్నీ హార్పర్‌కాలిన్స్ కింద నడిచే ముద్రలు, హార్పర్‌కాలిన్స్ న్యూస్ కార్ప్‌ది. అంటే ప్రేమ నవల కొన్నవాళ్లూ, పొద్దున్నే షేర్ మార్కెట్ వార్తల కోసం 'వాల్ స్ట్రీట్ జర్నల్' తెరిచినవాళ్లూ ఒకే గల్లాపెట్టెలో డబ్బులు వేస్తున్నారు.

పేరు దొరికాక పైకి ఎక్కడం

ఇప్పుడు చేతిలో ఒక కంపెనీ పేరు ఉంది. బ్రిటన్ కంపెనీ అయితే 'కంపెనీస్ హౌస్' అన్న ప్రభుత్వ రిజిస్టర్‌లో వెతకండి, ఉచితం. డైరెక్టర్ల జాబితా పక్కనే కంపెనీపై గణనీయమైన నియంత్రణ ఎవరికుందో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. 2016 నుంచి ఇది తప్పనిసరి. అక్కడ చాలాసార్లు మనిషి పేరు బదులు ఇంకో కంపెనీ పేరు కనిపిస్తుంది. దాన్ని మళ్లీ వెతకండి. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే చివరికి దేశం దాటిపోతారు. అక్కడ విసుగొచ్చి వదిలేయకండి, అసలు కాగితాలు ఉండేది ఆ పైనే.

జనానికి షేర్లు అమ్మే అమెరికా కంపెనీలన్నీ అక్కడి సెక్యూరిటీస్ కమిషన్‌కి ఏటా ఒక నివేదిక ఇవ్వాలి, దాన్ని టెన్-కె అంటారు. ఎడ్గార్ అన్న సైట్లో కంపెనీ పేరు కొడితే వచ్చేస్తుంది. పేజీలు చాలా ఉంటాయి, అన్నీ చదవాలని కూర్చుంటే నీరసం వస్తుంది. మూడు చోట్ల చూడండి చాలు. మొదట్లో వ్యాపారం గురించి రాసే భాగం, ఇందులో ఏయే దేశాల్లో ఏయే పత్రికలు, ఛానెళ్లు ఉన్నాయో కంపెనీయే ఏకరువు పెడుతుంది. చివర్లో జతచేసే 'ఎగ్జిబిట్ 21', అది ముఖ్యమైన అనుబంధ కంపెనీల జాబితా, మీరు కింద నుంచి పట్టుకొచ్చిన పేరు అక్కడ తగిలిందంటే దారి సరిగ్గా కలిసినట్టే.

మూడోది 'రిస్క్ ఫ్యాక్టర్స్'. నాకైతే ఇదే అన్నిటికన్నా ఇష్టం. రేపు పెట్టుబడిదారులు కేసు వేస్తే 'ముందే చెప్పాం కదా' అనడానికి కంపెనీ తన బలహీనతలన్నీ లాయర్ల చేత ఇక్కడ రాయించుకుంటుంది. తన పత్రికల్లో ఎన్నడూ అచ్చువేయని మాటలు ఇక్కడ దొరుకుతాయి. మర్డాక్ కుటుంబం చేతిలో ఓట్లు పోగుపడి ఉన్నందువల్ల బయటివాళ్లు కంపెనీని కొనడానికి వెనకాడవచ్చని న్యూస్ కార్ప్, ఫాక్స్ న్యూస్ ఛానెల్ నడిపే ఆ కుటుంబం ఇంకో కంపెనీ ఫాక్స్ రెండూ తమ నివేదికల్లో స్వయంగా రాసుకుంటూ వచ్చాయి.

షేర్లు లెక్కపెట్టకండి, ఓట్లు లెక్కపెట్టండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కంపెనీలో ఎవరికి ఎంత వాటా ఉందో చూసి, పెద్ద పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల పేర్లు కనిపించగానే 'ఓహో, అసలు యజమానులు వీళ్లన్నమాట' అనుకుని ఆగిపోతారు. న్యూస్ కార్ప్‌లో షేర్లు రెండు రకాలు. 'ఏ' (A) తరగతి షేరుకి మామూలుగా ఓటు లేదు. 'బీ' (B) తరగతికి ఉంది. మర్డాక్ కుటుంబ ట్రస్టు దగ్గర మొత్తం షేర్లలో ఉన్న వాటా చిన్నదే, కానీ 2025 సెప్టెంబర్ దాకా ఏళ్లతరబడి ఓట్లలో సుమారు 40 శాతం వాళ్లదే. మిగతా ఓట్లు వేలమంది చేతుల్లో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ఒకే చేతిలో 40 శాతం ఉంటే ఇంక చెప్పేదేముంది. ఫాక్స్‌లోనూ ఇదే ఏర్పాటు.

ఈ లెక్క టెన్-కెలో కాదు, ఏటా షేర్‌హోల్డర్ల సమావేశానికి ముందు పంపే 'ప్రాక్సీ స్టేట్‌మెంట్'లో ఉంటుంది. దాంట్లో ఒక పట్టిక, ఎవరి దగ్గర ఏ తరగతి షేర్లు ఎంత శాతం అని. ఆ ఒక్క పట్టిక చూస్తే గ్రూపు గురించి సగం తెలిసిపోతుంది. ఇది మర్డాక్‌ల ప్రత్యేకత కాదన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ఎన్‌బీసీ, బ్రిటన్‌లోని స్కై నడిపే కామ్‌కాస్ట్‌లో బ్రయాన్ రాబర్ట్స్ దగ్గరున్న షేర్లు చాలా తక్కువ, ఓట్లు మాత్రం మూడో వంతు. 'న్యూయార్క్ టైమ్స్'లో డైరెక్టర్లలో ఎక్కువమందిని ఎన్నుకునే హక్కు ఓక్స్-సల్జ్‌బర్గర్ కుటుంబ ట్రస్టుదే. మనకు నచ్చే పత్రిక అయినా నచ్చని పత్రిక అయినా ఒకే కొలత పెట్టాలి.

ఓట్లకీ వార్తలకీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడిగితే అమెరికాలోని నెవాడా రాష్ట్ర కోర్టులో నడిచిన కుటుంబ వ్యాజ్యం చూపించండి. తన తర్వాత నలుగురు పెద్ద పిల్లలకీ సమానంగా ఓట్లు దక్కేలా ఉన్న ట్రస్టును మార్చి, పెత్తనం పెద్ద కొడుకు లాక్లన్ ఒక్కడికే ఇవ్వాలని రూపర్ట్ మర్డాక్ అడిగాడు. ఆయన వాదన ఏమిటంటే, కంపెనీ విలువ నిలబడాలంటే దాని సంప్రదాయవాద ధోరణి మారకూడదు, మిగతా పిల్లలు దాన్ని మార్చే ప్రమాదం ఉంది అని. 2024 డిసెంబర్లో అక్కడి కమిషనర్ ఒప్పుకోలేదు. 2025 సెప్టెంబర్లో రాజీ కుదిరింది. ప్రూడెన్స్, ఎలిజబెత్, జేమ్స్ ఒక్కొక్కరూ సుమారు 110 కోట్ల డాలర్లు తీసుకుని తప్పుకున్నారు, పగ్గాలు లాక్లన్‌కి మిగిలాయి. ఏ పార్టీ వైపు మొగ్గాలన్న ధోరణికి అంత ధర కట్టి ఇచ్చిన కుటుంబం అది. ఎడిటర్లు తమంతట తామే అన్నీ తేల్చుకుంటారని నమ్మేవాళ్లు ఈ కేసు వివరాలు తప్పకుండా చదవాలి.

కొనుగోళ్ల పక్కన చట్టాలు పెట్టి చూడండి

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క కంపెనీ ఏ ఏడు ఏం కొన్నదో రాయండి. కుడి పక్క ఆ సమయంలో అక్కడి ప్రభుత్వం ఏం చేసిందో రాయండి. పలుకుబడి అనేది కంటికి కనబడదు కదా అంటారు, ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెడితే చాలావరకు కనబడుతుంది.

తండ్రి 1952లో చనిపోయాక మర్డాక్ చేతికి వచ్చింది ముఖ్యంగా అడిలైడ్‌లో ఒక పేపర్. 1964లో 'ది ఆస్ట్రేలియన్' పెట్టాడు. 1969లో లండన్‌లో 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్', అదే ఏడు 'ది సన్'. 1976లో 'న్యూయార్క్ పోస్ట్'. ఇక్కడిదాకా కుడి పక్క పెద్దగా రాయడానికి ఏమీ లేదు.

1981 దగ్గర ఆగండి. 'ది టైమ్స్', 'ది సండే టైమ్స్' అమ్మకానికి వచ్చాయి. అప్పటికే దేశంలో పెద్ద పేపర్లున్నవాడు ఇంకో రెండు కొంటానంటే గుత్తాధిపత్యాన్ని పరిశీలించే కమిషన్‌కి పంపాలి. పంపలేదు. ఆ పత్రికలు నష్టాల్లో ఉన్నాయన్న కారణం చూపించి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఆ ఏడు జనవరి 4న ప్రధాని మార్గరెట్ థాచర్‌తో ఆమె అధికార విడిది చెకర్స్‌లో మర్డాక్ భోజనానికి కూర్చున్నాడన్న సంగతీ, ఆ భేటీలో ఈ కొనుగోలు ప్రస్తావన వచ్చిందన్న సంగతీ 2012లో థాచర్ కాగితాలు బయటపెట్టినప్పుడు కానీ జనానికి తెలియలేదు. ముప్పై ఒక్కేళ్లు! అందుకే ప్రభుత్వ పాత ఫైళ్లు ఎప్పుడు విడుదలవుతాయో కనిపెట్టి ఉండటం కూడా ఈ పనిలో భాగమే. ఇప్పుడు బ్రిటన్‌లో మంత్రులు బయటివాళ్లతో జరిపిన సమావేశాల జాబితాలు మూడు నెలలకోసారి ప్రభుత్వ సైట్లో పెడుతున్నారు, మీడియా యజమానుల పేర్లు పెట్టి వెతికి చూడండి.

1985: ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ స్టూడియో చేతికొచ్చింది, టీవీ స్టేషన్లు కూడా కొనాలి, కానీ అమెరికాలో ప్రసార లైసెన్సుల్లో విదేశీయుల వాటాకి పరిమితి ఉంది. ఆ ఏడే ఆయన ఆస్ట్రేలియా పౌరసత్వం పోగొట్టుకుని అమెరికా పౌరుడయ్యాడు. మరుసటి ఏడు ఫాక్స్ నెట్‌వర్క్ మొదలైంది. చట్టం మారలేదు, మనిషే మారాడు.

ఇంకా ఆసక్తికరమైనది ఆసియా కథ. 1993లో హాంకాంగ్ నుంచి ప్రసారమయ్యే స్టార్ టీవీలో 63.6 శాతం వాటాను 52.5 కోట్ల డాలర్లకు కొన్నారు. అదే ఏడు లండన్‌లో మాట్లాడుతూ, కొత్త సమాచార సాధనాలు నియంతృత్వ ప్రభుత్వాలకు ముప్పు అని మర్డాక్ అన్నాడు. కొద్ది వారాల్లోనే చైనా ఇళ్లమీద శాటిలైట్ డిష్‌లు పెట్టుకోవడాన్ని నిషేధించింది. 1994లో స్టార్ తన ఉత్తర ఆసియా ప్రసారాల నుంచి బీబీసీ వార్తల ఛానెల్‌ను తీసేసింది. 1998లో హాంకాంగ్ చివరి బ్రిటిష్ గవర్నర్ క్రిస్ పాటెన్ రాసిన, చైనా పాలకులను విమర్శించే పుస్తకాన్ని హార్పర్‌కాలిన్స్ అచ్చు వెయ్యకుండా వదులుకుంది. ఇక్కడ మనం గమనించాల్సింది ఏమిటంటే, శాటిలైట్ టీవీ వ్యాపారం ఒక చోట, పుస్తకాల వ్యాపారం ఇంకోచోట, ఒకదాని అవసరం రెండోదాని నోరు కట్టేసింది. విడివిడి కంపెనీలై ఉంటే ఆ పుస్తకం ప్రచురణకర్తకి చైనా డిష్‌లతో పనేముంది? గ్రూపు ఎంత విస్తరిస్తే, నొప్పి తగిలే చోట్లు అన్ని ఎక్కువవుతాయి. మ్యాప్ గీసేటప్పుడు ప్రతి ఆస్తి పక్కనా 'దీనికి ఎవరి అనుమతి కావాలి, ఎవరు కోపగించుకుంటే నష్టం' అని ఒక ముక్క రాసుకోమని చెప్పేది ఇందుకే.

ఎంతమందికి చేరుతోంది అన్న అంకెలతో జాగ్రత్త

'మా ప్రసారాలు ఇన్ని కోట్ల ఇళ్లకు చేరుతున్నాయి' అన్న వాక్యం ఎక్కడ కనబడినా ఆగి చూడండి. చేరడం అంటే ఆ ఇంట్లో ఆ ఛానెల్ వస్తుందని మాత్రమే, ఎవరో చూస్తున్నారని కాదు. అలాగని ఆ అంకెకు విలువ లేదనుకోకండి. అమెరికాలో కేబుల్ వాళ్లు చందాదారుల సంఖ్యను బట్టి ఛానెల్‌కి నెలనెలా డబ్బు కడతారు, కాబట్టి ఫాక్స్ న్యూస్‌ను ఒక్క నిమిషం కూడా చూడని ఇంటి నుంచి కూడా ఆ కంపెనీకి ఆదాయం వెళ్తుంది.

ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెట్టడం ఇంకో సమస్య. పేపరు కొన్న మనిషే సైట్‌కీ వెళ్తాడు, యాప్‌లోనూ ఉంటాడు. నెలకి ఎంతమంది ప్రత్యేక సందర్శకులు అన్న అంకెలో రోజూ గంటసేపు చదివేవాడూ, పొరపాటున ఒక లింకు నొక్కి వెంటనే బయటికొచ్చేసినవాడూ సమానమే. కొన్నిసార్లు అంకె ఇవ్వడమే మానేస్తారు. 'ది సన్' 2020లో తన సర్క్యులేషన్ లెక్కలు బహిరంగంగా ప్రకటించడం ఆపేసింది.

దేశం మొత్తం సగటు చూసి మోసపోకండి, ఊరు ఊరుగా చూడండి. బ్రిస్బేన్‌లో 'కొరియర్-మెయిల్', అడిలైడ్‌లో 'అడ్వర్టైజర్', హోబార్ట్‌లో 'మెర్క్యురీ', డార్విన్‌లో 'ఎన్‌టీ న్యూస్'. ఆయా నగరాల్లో అచ్చయ్యే స్థానిక దినపత్రిక అదొక్కటే, నాలుగూ న్యూస్ కార్ప్‌వే. అక్కడి రేడియో, టీవీ వాళ్లు పొద్దున్నే ఏ వార్త ఎత్తుకోవాలో చూసుకునే పేపరు కూడా అదే అవుతుంది. అమ్ముడుపోయే కాపీలు తగ్గిపోయినా పెత్తనం అంత త్వరగా తగ్గకపోవడానికి ఇదొక కారణం.

పలుకుబడిని నిజంగా కొలవొచ్చా?

కొంతవరకు కొలవొచ్చు, కొలిచినవాళ్లు ఉన్నారు. 1992 బ్రిటన్ ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు నెగ్గాక 'ది సన్' అది తన ఘనతే అని మొదటి పేజీలో చాటుకుంది. పత్రిక సొంత డప్పును సాక్ష్యంగా తీసుకోకూడదు, గెలిచే గుర్రం ఏదో చూసుకుని దాని వెనక చేరి ఉండొచ్చు కూడా. నమ్మదగిన లెక్క కావాలంటే ఒకేలాంటి రెండు చోట్లు ఉండాలి, ఒకచోట ఆ మీడియా ఉండి, రెండోచోట లేకుండా ఉండాలి.

అలాంటి అవకాశం ఫాక్స్ న్యూస్ విషయంలో దొరికింది. 1996 అక్టోబర్లో ఛానెల్ మొదలైనప్పుడు కేబుల్ కంపెనీలన్నీ ఒకేసారి దాన్ని తీసుకోలేదు, పక్కపక్క ఊళ్లలోనే ఒకచోట వచ్చేది, ఇంకోచోట వచ్చేది కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఈథన్ కప్లాన్ అనే ఆర్థికవేత్తలు 1996, 2000 ఎన్నికల ఫలితాలను ఊరూరా పోల్చారు. ఛానెల్ వచ్చిన ఊళ్లలో రిపబ్లికన్ల ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగిందని 2007లో ప్రచురించారు. ఇంతేనా అనిపించవచ్చు. కానీ 2000లో అధ్యక్షుడెవరో తేల్చిన ఫ్లోరిడాలో ఫలితం తేలింది 537 ఓట్ల తేడాతో.

రెండో ఉదాహరణ ఇంకా కదిలించేది, ఇది జనం చేతుల్లోంచి వచ్చింది. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటలో లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణాలు పోయాయి. నాలుగు రోజుల తర్వాత 'ది సన్' తప్పంతా అభిమానులదేనంటూ, వాళ్లు చనిపోయినవాళ్ల జేబులు కొట్టారంటూ 'ఇదే నిజం' అన్న అర్థంలో మొదటి పేజీ వేసింది. అది అబద్ధమని తర్వాత విచారణల్లో తేలింది. లివర్‌పూల్ ప్రాంతం ఆ పత్రికను వెలివేసింది, దశాబ్దాలు గడిచినా చాలా షాపుల్లో ఇప్పటికీ అమ్మరు. ఐరోపా యూనియన్ మీద 'ది సన్' ఏళ్లతరబడి విరుచుకుపడుతున్నప్పుడు ఆ రాతలు చేరని ప్రాంతం అది. ఫ్లోరియన్ ఫూస్, డానియెల్ బిషోఫ్ అన్న పరిశోధకులు సర్వేలు పోల్చి చూస్తే, అలాంటి మిగతా ప్రాంతాలతో పోలిస్తే అక్కడ ఐరోపా వ్యతిరేకత తగ్గిందని తేలింది. ఒక పేపరు చదవడం మానేసినంత మాత్రాన ఊరి ఆలోచన మారుతుందా అనేవాళ్లకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

అయితే తాడు రెండువైపుల నుంచీ లాగుతుంది. 2020 ఎన్నికల రాత్రి ఆరిజోనాలో బైడెన్ గెలిచాడని ఫాక్స్ న్యూస్ అందరికన్నా ముందు ప్రకటించింది. ప్రేక్షకులు కోపగించి న్యూస్‌మ్యాక్స్ లాంటి ఛానెళ్లకు మళ్లడం మొదలుపెట్టారు. ఆ తర్వాత డొమినియన్ కంపెనీ ఓటింగ్ యంత్రాలు ఓట్లు తారుమారు చేశాయన్న ఆరోపణలను తాము లోలోపల నమ్మకపోయినా తెరమీద నడవనిచ్చారన్నది, ఆ కంపెనీ వేసిన పరువునష్టం దావాలో బయటపడ్డ మెసేజీల్లో కనిపిస్తుంది. అలాంటి అతిథులను రానివ్వకుండా ఆపగలిగి ఉండీ ఆపలేదని మర్డాక్ తన వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు. 2023 ఏప్రిల్లో 78.75 కోట్ల డాలర్లు ఇచ్చి కేసు పరిష్కరించుకున్నారు. యజమాని జనాన్ని నడిపిస్తాడన్నది సగం మాటే, తాను తయారుచేసుకున్న ప్రేక్షకులు పారిపోతారేమోనన్న టెన్షన్ యజమానినీ నడిపిస్తుంది. ఈ కేసు కోర్టు పత్రాలు ఓపిగ్గా చదవండి, న్యూస్‌రూమ్ లోపల మనుషులు ఎలా మాట్లాడుకుంటారో ఇంత దగ్గరగా చూపించే కాగితాలు అరుదు.

మీరే చేసి చూడండి

ఒక వారం కేటాయించండి. పెద్ద వార్త ఒకటి ఎంచుకోండి. ఒకే గ్రూపువి మూడు, బయటిది ఒకటి పక్కపక్కన తెరవండి. ఎవరెవరి మాటలు కోట్ చేశారు, ఎవరిని అసలు అడగలేదు, శీర్షికలో క్రియ ఎవరి మీద పడింది, ఏ సంగతి బయటివాళ్ల దగ్గర మూడో పేరాలో ఉండి వీళ్ల దగ్గర కనబడకుండా పోయింది, ఇవి రాసుకోండి. పదాలు యథాతథంగా కలుస్తున్నాయేమో కూడా చూడండి. 2018లో అమెరికాలో సింక్లెయిర్ గ్రూపు స్టేషన్ల యాంకర్లు డజన్లకొద్దీ ఒకే స్క్రిప్టును పొల్లుపోకుండా చదవడాన్ని ఒకే వీడియోలో పక్కపక్కన కూర్చితే దేశమంతా నివ్వెరపోయింది. విడివిడిగా చూసినవాళ్లకి అందులో వింతేమీ కనబడలేదు.

తర్వాత అసలు పరీక్ష. యజమాని డబ్బు ఇరుక్కున్న విషయం ఒకటి తీసుకోండి. న్యూస్ కార్ప్‌కి ఆస్ట్రేలియాలో ఇళ్ల ప్రకటనల కంపెనీ ఆర్‌ఈఏ గ్రూపులో మెజారిటీ వాటా ఉంది, అమెరికాలో రియల్టర్ డాట్ కామ్ నడుపుతుంది. అలాంటప్పుడు ఇళ్ల ధరల మీద ఆ పత్రికలు ఏం రాస్తున్నాయో చూడండి. వార్తలు వాడుకున్నందుకు గూగుల్, ఫేస్‌బుక్ డబ్బు కట్టాలన్న చట్టం 2021లో ఆస్ట్రేలియాలో వచ్చినప్పుడు ఏం రాశారో వెనక్కి వెళ్లి చదవండి. 2011 జులైలో, హత్యకు గురైన బాలిక ఫోన్ వాయిస్‌మెయిల్‌లోకి 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' చొరబడిందని 'గార్డియన్' బయటపెట్టి, 168 ఏళ్ల ఆ పత్రికను మర్డాక్ రోజుల వ్యవధిలో మూసేసినప్పుడు సోదర పత్రికలు ఆ వార్తను ఏ పేజీలో వేశాయో చూడండి.

కానీ ఒక్క ఉదాహరణ పట్టుకుని తీర్పు ఇచ్చేయకండి. రక్తపరీక్షల కంపెనీ థెరానోస్ మోసాన్ని 2015లో బయటపెట్టింది 'వాల్ స్ట్రీట్ జర్నల్' విలేకరి జాన్ క్యారీరూ. ఆ కంపెనీలో మర్డాక్ సొంత డబ్బు 12.5 కోట్ల డాలర్లు ఉంది. కథనం ఆపించమని కంపెనీ అధినేత్రి ఆయన్ని నేరుగా అడిగినా ఆయన కల్పించుకోలేదు, డబ్బు పోయింది. అదే గ్రూపు, అదే యజమాని, కానీ ఆ న్యూస్‌రూమ్‌లో వేరే సంస్కృతి. అందుకే గ్రూపు మొత్తానికి ఒకే ముద్ర వేయకుండా ఒక్కో సంస్థకీ విడిగా రాసుకోవాలి.

తేదీ వేయని మ్యాప్ పనికిరాదు

ఆస్తులు చేతులు మారుతూనే ఉంటాయి, పేర్లు మాత్రం పాతవే ఉండిపోతాయి. 2013లో మర్డాక్ తన కంపెనీని న్యూస్ కార్ప్, ట్వంటీ ఫస్ట్ సెంచరీ ఫాక్స్ అని రెండుగా చీల్చాడు. రెండోదాంట్లో ఎక్కువ భాగాన్ని డిస్నీ 2019 మార్చిలో సుమారు 7,130 కోట్ల డాలర్లకు కొంది. దాంతో సినిమా స్టూడియో డిస్నీకి వెళ్లింది, ఫాక్స్ న్యూస్ మర్డాక్‌ల దగ్గరే మిగిలింది. బ్రిటన్‌లో స్కై న్యూస్ 2018 నుంచి కామ్‌కాస్ట్‌ది, ఆస్ట్రేలియాలో స్కై న్యూస్ అన్న పేరుతోనే ఏళ్లతరబడి నడిచిన ఛానెల్ న్యూస్ కార్ప్‌ది. ఒకదాని వీడియో చూసి రెండోదాన్ని తిట్టేవాళ్లు నిత్యం కనిపిస్తారు.

తెలుగువాళ్లకి బాగా తెలిసిన మా టీవీనే చూడండి. 2015లో స్టార్ కొన్నప్పుడు దాని పైన ఉన్నది ట్వంటీ ఫస్ట్ సెంచరీ ఫాక్స్. 2019లో డిస్నీ. 2024 నవంబర్లో రిలయన్స్, డిస్నీల భారత వ్యాపారాలు కలిశాక జియోస్టార్, పగ్గాలు రిలయన్స్‌వి. తెర మీద 'మా' అన్న పేరు పోకుండానే దాని పైన మూడు సామ్రాజ్యాలు మారాయి.

కాబట్టి మీ మ్యాప్ పైన తేదీ వేయండి, ప్రతి గీత పక్కనా అది ఏ కాగితంలో దొరికిందో రాయండి. న్యూస్ కార్ప్, ఫాక్స్ రెండింటి ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, టెన్-కె సాధారణంగా ఆగస్టులో వస్తుంది, ఆ తర్వాత కొద్ది వారాలకు ప్రాక్సీ స్టేట్‌మెంట్. ఎడ్గార్‌లో ఆ రెండూ వచ్చాక పాత 'ఎగ్జిబిట్ 21'ని కొత్తదాని పక్కన పెట్టి ఏ పేర్లు చేరాయో, ఏవి మాయమయ్యాయో టిక్కు పెట్టుకోండి. మాయమైన పేర్లతో మొదలుపెట్టండి, అవి ఎవరి జాబితాలో తేలాయో వెతికితే తర్వాత తవ్వాల్సిన గ్రూపు ఏదో అదే చెబుతుంది.